పదకొండో నంబరు మీద నా ఫిర్యాదు

మంచు మీద కాలు జారి పడినవాణ్ణి చూసి జనం కాసేపు నవ్వి ఊరుకుంటారు. మంచు పక్కన నిలబడి నోరు జారిన నన్ను చూసి మాత్రం మూడేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. రియాద్‌లో మలాజ్ వైపు మన తెలుగువాళ్ల మెస్సు ఒకటుంది. శుక్రవారం మధ్యాహ్నం నేను లోపలికి అడుగు పెట్టగానే "సెలెక్టర్ సాబ్ అచ్చిండు, కుర్సీ జరుపుండ్రి" అని ఇప్పటికీ ఒక గొంతు లేస్తుంది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆ మాట మొదటిసారి అన్న రోజు వాడు ఏ చొక్కా వేసుకున్నాడో, ఆ పూట ఏ కూర వండారో కూడా తెలుసు. గోకరకాయ. ఉప్పు తక్కువ.

అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాసేస్తున్నాను. మీరు మంచివాళ్లలాగే కనిపిస్తున్నారు గాని, ముందే హెచ్చరిస్తున్నాను. ఇందులో ఒక పదిహేడేళ్ల కుర్రాడి భవిష్యత్తు ఉంది. దాన్ని నేను ఒక్క సలహాతో దాదాపు కూల్చేశాను. అదీ సాయం చేస్తున్నాననుకుని.

మాది జగిత్యాల దగ్గర పల్లె. రియాద్‌లో ఒక ఐస్ రింకులో మంచు బండి నడుపుతాను. బయట ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, లోపల నేను స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని గుండ్రంగా తిరుగుతుంటాను. స్కేట్లు గీరిన మంచును బండి కింది కత్తి పలచగా చెక్కేస్తుంది. వెనక నుంచి వేడినీళ్లు పరుచుకుని గడ్డకడతాయి. నేల అద్దమైపోతుంది. వేడినీళ్లతో మంచు చేస్తానని చెబితే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. నాకు ఎండదెబ్బ తగిలిందని మా ఆవిడను ఓదారుస్తారు. ఎవరెవరు ఓదార్చారో పేర్లు రాసిపెట్టుకున్నాను.

ఆ ఏడాది మా రింకులో కుర్రాళ్ల ఐస్ హాకీ పోటీలు పెట్టారు. ఆరు దేశాల జట్లు వచ్చాయి, అందరూ పద్దెనిమిదేళ్లలోపు వాళ్లే. వంకర కర్రలతో నల్లటి రబ్బరు బిళ్ళను కొట్టుకుంటూ గాలిలా దూసుకుపోతారు. పోటీల చివర్లో ఒకే ఒక్క కుర్రాణ్ణి యూరప్‌లో ఒక చలిదేశంలోని శిక్షణ కేంద్రానికి ఏడాదిపాటు తీసుకుపోతారట. తిండి, చదువు, ఏడాది పొడుగునా మంచు, అన్నీ వాళ్లవే. ఎంపిక చేసే పెద్దమనిషి రహస్యంగా వచ్చి చూస్తాడని, ఎవరో చెప్పరని, రింకులో జ్యూసు అమ్మేవాడి దాకా అందరికీ తెలుసు. నాకు తప్ప. నాకెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు అనుమానాలున్నాయి, కాని అది వేరే వ్యాసం.

మొదటి రోజే అవమానం మొదలైంది. పనివాళ్లందరికీ మెడలో వేసుకునే కార్డులిచ్చారు. టెక్నికల్ వాళ్లకు నీలం పట్టీ, ఊడ్చేవాళ్లకు పసుపు పట్టీ. నాకు పసుపు వచ్చింది. మా సూపర్‌వైజర్ ఖాన్ సాబ్ పాకిస్తానీ, పెషావర్ మనిషి. నేరుగా ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఖాన్ సాబ్, ఆఠ్ సాల్ సే మషీన్ చలాతా హూఁ. యే పీలా క్యోఁ?"

"అరే భూమయ్యా భాయ్, పట్టీ హై, పగ్డీ థోడీ హై!" అని ఆయన నవ్వాడు.

తలపాగా కాదట, ఉత్త పట్టీయేనట. ఆయన నవ్వినప్పుడు టైము పదీ ఇరవై.

రెండో అవమానం ఇండియా జట్టు నుంచి. మన జట్టంతా లడాఖ్ కుర్రాళ్లే. మన దేశం పిల్లలు కదా అని బండి మీంచి చెయ్యి ఊపాను. పదకొండో నంబరు చొక్కా కుర్రాడు నా వైపే చూసి, చెయ్యి ఎత్తకుండా, తల దించుకుని వెళ్లిపోయాడు. సరే బాబూ అనుకున్నాను. మనసులో ఆ నంబరు కింద గీత గీసుకున్నాను.

ఇంతలో అసలు అనుమానం పుట్టింది. పై వరుసలో, దీపం వెలుగు సరిగా పడని మూల, ఒక ముసలి తెల్లాయన ఒంటరిగా కూర్చునేవాడు. ఒళ్లో చిన్న నోటుబుక్కు. ఆట జరుగుతున్నప్పుడు రాసేవాడు. ఆట అయిపోయి అందరూ లేచిపోయాక కూడా కదలకుండా ఖాళీ మంచునే చూస్తూ ఉండేవాడు. నేను బండి బయటికి తీస్తే నన్ను చూసేవాడు. ఖాళీ మంచును ఎవరు చూస్తారండీ? మంచులో తప్పులు పట్టేవాడు చూస్తాడు! ఇక్కడ ఉండడానికిచ్చే పర్మిట్, నా ఇకామా, రెన్యువల్ రెండు నెలల్లో ఉంది. కంపెనీ నా మీద ఇన్‌స్పెక్టర్‌ను పెట్టిందని నాకు అర్థమైపోయింది.

మల్లేశాన్ని పక్కకు పిలిచాను. వాడిది సిరిసిల్ల, నా రూమ్మేటు, రింకులో సీట్ల మధ్య ఊడ్చే పని. డిగ్రీ చదివాడు గనుక నా ఫిర్యాదులన్నీ వాడే ఇంగ్లీషులో టైపు చేస్తాడు.

"మల్లేశా, ఆ ముసలాయిన నన్నే సూస్తున్నడు."

"నిన్ను సూసేటందుకు నీ దగ్గరేమున్నదే భూమన్నా?"

"నవ్వకు. ఆయిన కాళ్లకాడ ఊడ్సుకుంట పో. బుక్కుల ఏం రాస్తున్నడో సూడు."

వాడు అరగంట సేపు ఒకే వరుస ఊడ్చాడు. ఆ వరుస అంత శుభ్రంగా అంతకుముందు లేదు, తర్వాతా లేదు. తిరిగొచ్చి చెవిలో చెప్పాడు.

"నంబర్లున్నయే అన్నా. నంబర్ల పక్కపొంటి సుక్కలు, గీతలు. పదకొండు పక్కకు పెద్ద ప్రశ్న గుర్తు."

"పదకొండా? నా బండి నంబరు పదకొండా?"

"నీ బండికి నంబరే లేదే."

"మన రూమ్?"

"ఇరవై మూడు. ఎనిమిదేండ్ల సంది అండ్లనే ఉంటున్నవ్."

అప్పుడు మెరుపులా తట్టింది. పదకొండంటే ఆ కుర్రాడు! వెంటనే ఫోన్ లైటు వేసుకుని మంచు మీద వంగాను. తక్కిన పిల్లలు తిరిగిన చోట గోరుతో గీరినట్టు గీతలుంటే, వాడు మలుపు తిరిగిన చోట నా చిటికెన వేలు గోరు మునిగేంత గాడి! ఒకటి కాదు. కుడికి తిరిగినా గాడి, ఎడమకు తిరిగినా గాడి. వాడు బయల్దేరిన చోట ఎవరో గడ్డపారతో పోటు వేసినట్టు గుంట. ఆటకు మూడుసార్లు నేను అద్దం చేయడం, వాడొచ్చి అద్దం మీద నాగలి పెట్టడం. ఇన్‌స్పెక్టర్ ఆ గాడులను చూశాడన్నమాట. ఎవరు చేశారని ప్రశ్న గుర్తు పెట్టుకున్నాడన్నమాట. రేపు ఆ గుర్తు తెచ్చి నా నెత్తిన పెడతాడు!

"ఆ పోరని బ్లేడ్లకు ఏదో కట్టిన్రు," అన్నాను మల్లేశంతో. "లేకుంటే గంత లోతు పడది. ఫిర్యాదు రాయి."

"ఎవరి మీద?"

"పదకొండు మీద."

"ఎవలన్న ఆట ఆడితే ఫిర్యాదు ఇస్తరా? హాకీ కదనే, గుళ్లె ప్రదక్షిణలా?"

"నువ్వు రాయి. నేను సెప్త."

గాడుల ఫోటోలు పదహారు తీశాను, ప్రతిదాంట్లో కొలతకు నా చిటికెన వేలు. మల్లేశం ఒక పేజీ టైపు చేశాడు. ఖాన్ సాబ్ చేతిలో పెట్టాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు.

"యార్, కల్ తుమ్ నే ఏసీ కీ షికాయత్ కీ. పర్సోఁ చాయ్ కీ. ఆజ్ బచ్చే కీ?"

"హాఁ సాబ్. లిఖిత్ మే."

నిన్న ఏసీ మీద, మొన్న టీ మీద, ఇవాళ పిల్లాడి మీదా అని ఆయన నిట్టూర్చి, హాకీ సంగతి హాకీవాళ్లే చూసుకోవాలని గొణుగుతూ కాగితం పట్టుకుని మెట్లెక్కాడు. ఎక్కి, సరాసరి వెళ్లి, ఆ ముసలాయన చేతికే ఇచ్చాడు!

నా గుండె జారి స్కేట్లలోకి పడింది. నాకు స్కేట్లు లేవు, అది వేరే సంగతి. ముసలాయన చదివాడు. చదువుతూ లేచి నిలబడ్డాడు. కాగితం పట్టుకుని గబగబా మెట్లు దిగి నా బండి దగ్గరికే వచ్చాడు. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి ఒకరిదొకరికి చక్కగా అర్థమైంది. సారాంశం తెలుగులో చెబుతాను.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే సార్. ఒట్టు."

"అందరికంటే లోతుగా కోస్తాడని రాశావు. నిజమేనా?"

"వంద శాతం. ఫోటోలున్నాయి."

"కుడివైపు, ఎడమవైపు సమానంగా పాడు చేస్తాడా?"

"సమానంగానే సార్. ఒక్క పక్కనైనా వదిలిపెట్టడు."

"జట్టు ఆరు గోల్స్‌తో ఓడిపోతున్నా చివరి నిమిషం దాకా మంచు తవ్వుతూనే ఉన్నాడా?"

"సిగ్గు లేదు సార్. విజిల్ వేసే వరకు తవ్వాడు."

"అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆఖర్న పోతాడా?"

"దానివల్ల మంచుకు విశ్రాంతి లేదు. అది కూడా రాశాను, అయిదో పాయింటు."

ఆయన ముఖంలో నవ్వు విచ్చుకుంది. దొంగను సాక్ష్యాలతో పట్టుకున్న పోలీసు నవ్వు అనుకున్నాను. పదహారు ఫోటోలూ తన ఫోనుకు పంపించుకున్నాడు. ఎనిమిదేళ్లలో నా ఫిర్యాదును ఒక మనిషి ఇంత శ్రద్ధగా విన్నది అదే మొదటిసారి. నా కళ్లు చెమర్చాయి. రింకులో చలి ఎక్కువ, అందుకని కూడా అయ్యుండొచ్చు.

అప్పుడు చెప్పాడాయన, తానెవరో. ఇన్‌స్పెక్టర్ కాదు, ఎంపిక చేసే పెద్దమనిషి. పేరు యోసెఫ్. వాళ్ల ఊళ్లో కుర్రాళ్లను ఎంచేముందు మంచు చూసుకునే మనిషిని తప్పకుండా అడుగుతారట. స్కోరు అబద్ధం చెప్పొచ్చు గాని మంచు చెప్పదట.

"పదకొండో నంబరు గోల్స్ ఏమీ కొట్టలేదు. అందుకే సందేహంలో ఉన్నాను," అన్నాడు. "సరే, నువ్వు చెప్పు. ఈ పిల్లలందరిలో నీకు నచ్చినవాడెవడు?"

చూశారా! నన్నడిగాడు. పసుపు పట్టీ వేసుకున్న నన్ను. నా ఛాతీ రెండు స్వెట్టర్లనూ తోసుకుని ముందుకొచ్చింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఏడో నంబరు సార్!" ఒక గల్ఫ్ జట్టు కుర్రాడు. "చాలా మంచి అబ్బాయి. వచ్చిపోయినట్టు మంచుకు కూడా తెలియదు. వాడు ఆడిన వైపు నేను బండి తిప్పకపోయినా నడుస్తుంది. అలాంటి పిల్లల్ని కన్న తల్లిదండ్రులకు దండం పెట్టాలి."

యోసెఫ్ సార్ నన్నొక రకంగా చూసి, నోటుబుక్కులో ఏదో రాసుకుని, ఆఖరి రోజు ఉదయం ఇద్దరికీ పరీక్ష పెడతానన్నాడు. "కొత్త మంచు వేసి ఉంచు. ఒక్కొక్కరు అయిదు నిమిషాలు."

ఆఖరి రోజు ఉదయం ఎనిమిదింటికి నేను వేసిన మంచు మీద మీ ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. గేటు దగ్గర బండి ఆపేసరికి పదకొండో నంబరు నిలబడి ఉన్నాడు. హెల్మెట్ తీసేస్తే ఉత్త పిల్లాడు. పెదాలు పగిలి ఉన్నాయి. పేరు తాషీ అని చెప్పాడు.

"అంకుల్," అన్నాడు హిందీలో, "అగ్లే మహీనే అఠారహ్ కా హో జావూఁగా. యే మేరా ఆఖరీ చాన్స్ హై." పద్దెనిమిది నిండితే ఇక పిల్లల పోటీలుండవు. వాళ్ల ఊళ్లో చెరువు గడ్డకట్టేది ఏడాదికి రెండు నెలలట. మిగతా పది నెలలు రోడ్డు మీద చక్రాల స్కేట్లతో తిరుగుతాడట. ఈసారి పోతే మళ్లీ అంతేనట.

ఇక్కడే, పాఠకులారా, ఇక్కడే నా కొంప మునిగింది. నాకు జాలి వేసింది. నాకు జాలి అలవాటు లేదు, దాన్ని ఎలా వాడాలో తెలియదు. పాపం, నా ఫిర్యాదు వల్ల వీడి నోటి దగ్గర కూడు పోతోంది కదా అనిపించింది. భుజం మీద చెయ్యి వేశాను.

"బేటా, ఏక్ బాత్ బోల్తా హూఁ. సాబ్ కో మైఁ నే హీ బతాయా, అచ్ఛా లడ్కా బరఫ్ నహీఁ తోడ్తా. ఆజ్ ఆహిస్తా చల్. ఫూల్ కే జైసా."

మంచి కుర్రాడు మంచు పగలగొట్టడని సారుకు నేనే చెప్పాను, ఇవాళ పువ్వులా నడవమన్నాను. వాడు కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. వంగి నా మోకాలు తాకాడు. ఈ దేశం వచ్చాక అంతవరకు నన్నెవరూ తాకలేదండీ, ఇకామా ఆఫీసులో వేలిముద్రల కోసం తప్ప.

ముందు ఏడో నంబరు దిగాడు. ఆహా! పెళ్లింట్లో మేజోళ్లతో నడిచే చుట్టంలాగా జారుకుంటూ పోయాడు. మలుపు తిరగాల్సి వస్తే లారీ తిరిగినంత దూరం తిరిగాడు. ఆగాల్సి వస్తే ఆగలేక గోడ దాకా పోయి మెత్తగా గుద్దుకున్నాడు. మంచు మీద సేమియా పోగుల్లాంటి గీతలు. నేను గేటు దగ్గర నిలబడి కొడుకు పాసైన తండ్రిలాగా తల ఊపుతున్నాను.

తర్వాత తాషీ దిగాడు. ఏం మాట విన్నాడండీ! మోకాళ్లు నిటారుగా పెట్టి, ఊపిరి బిగబట్టి, చంకలో గుడ్లున్నవాడిలా మెల్లగా వెళ్లాడు. పెద్ద వలయం తిరిగాడు. బిళ్ళ కర్ర నుంచి జారిపోతే పరిగెత్తకుండా దాని వెనకాలే మర్యాదగా నడిచాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. గీత లేదు, గాడి లేదు. శభాష్ అనుకున్నాను.

యోసెఫ్ సార్ ముఖం వాడిపోయింది. మూడో నిమిషంలో నోటుబుక్కు మూసేశాడు. పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. మెట్ల మీద చీపురు పట్టుకుని చూస్తున్న మల్లేశం నాకు సైగ చేస్తున్నాడు, ఏదో తేడా కొడుతోందని. ముసలాయన నా ఫిర్యాదు కాగితం తీసి నా ముక్కు ముందు ఆడించాడు.

"ఇందులో ఉన్న కుర్రాడు వీడేనా? వీడికేమైంది? జ్వరమా?"

"లేదు సార్," అన్నాను గర్వంగా. "నేనే సరిచేశాను. ఇక మంచు పాడు చేయడు. మెల్లగా వెళ్లమని చెప్పాను."

ఆ తర్వాత ఆయన వాళ్ల భాషలో అన్న మాటలు నాకు అర్థం కాలేదు. కాని ఎనిమిది దేశాల సూపర్‌వైజర్ల కింద పనిచేసినవాణ్ణి, ఏ భాషలోనైనా తిట్టు తిట్టేనని నాకు తెలుసు. తర్వాత ఇంగ్లీషులోకి వచ్చాడు. ఒరే మంచుమనిషీ, లోతుగా కోసేవాడికి కాళ్లలో బలమున్నట్టు, రెండు వైపులా సమానంగా తిరిగేవాడు కోటికొక్కడు, ఓడిపోతున్నా తవ్వేవాడే నాకు కావాలి, నీ ఫిర్యాదంత మంచి సిఫారసు ఉత్తరం నేను జన్మలో చదవలేదు, దాన్ని నమ్మే ఇక్కడి దాకా తెచ్చాను, నువ్వే నాశనం చేశావు! ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి, చెప్పు వాడికి!

నా కాళ్లకింద మంచు కరిగింది. ఖాన్ సాబ్ చూస్తున్నాడు. ఆరు జట్లు చూస్తున్నాయి. ఏడో నంబరు తండ్రి కోటు వేసుకుని ముందు వరుసలో కూర్చుని చూస్తున్నాడు. ఎనిమిదేళ్లు బిడ్డలా కాపాడుకున్న మంచు నా ముందు తళతళలాడుతోంది. అవతలి చివర తాషీ మర్యాదగా పాకుతున్నాడు.

గోడెక్కి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి అరిచాను.

"తోడ్ బేటా! తోడ్! మేరీ బరఫ్ తోడ్ దే!"

నా మంచు నేనే పగలగొట్టమనేసరికి వాడు ఆగి వెర్రిచూపు చూశాడు.

"ఆహిస్తా నహీఁ! మైఁ గధా హూఁ! పూరా తోడ్!"

నేను గాడిదనని ఆరు దేశాల ముందు ఒప్పుకున్నాక కుర్రాడికి నమ్మకం కుదిరినట్టుంది. మోకాళ్లు వంచాడు. ఒక్క తన్ను. ఫర్రుమని మంచు పొడి నడుమెత్తు లేచింది. ఆ తర్వాత నేను చూసింది ఆట కాదండీ, వరినాట్లకు దుక్కి! కుడికి కోశాడు, ఎడమకు కోశాడు, గోడ మీదికి దూసుకొచ్చి మూరెడు దూరంలో నిలువునా ఆగాడు. ఆ ఆగడంలో లేచిన మంచంతా నా ముఖాన కొట్టింది. ప్రతి కోతనూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను, నోరేమో "ఔర్ తోడ్! ఉధర్ భీ తోడ్!" అని అరుస్తూనే ఉంది. మల్లేశం చీపురు గాల్లో తిప్పుతూ "దున్ను బిడ్డా, దున్ను!" అని తెలుగులో కేకలు. లడాఖ్ కుర్రాడికి ఆ మాట ఎలా అర్థమైందో గాని, దున్నాడు.

రెండు నిమిషాలు అయ్యేసరికి నా అద్దం గొడ్లు తొక్కిన బురదమడి. యోసెఫ్ సార్ ఆ గాడుల మధ్య మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడుముతున్నాడు, కొత్త బట్టల నేత చూస్తున్నట్టు. లేచి, తాషీ హెల్మెట్ మీద తట్టి, ఒక్క మాటన్నాడు. కుర్రాడు అక్కడే మంచు మీద కూలబడి ఏడ్చేశాడు. ఎంపికైపోయాడు.

నేనూ కాస్త ఏడ్చాను. రెండు కారణాలు. రెండోది, ఆ మంచు బాగు చేయడానికి నాలుగు గంటలు పట్టింది.

కథ ఇక్కడ ముగిస్తే నాకే గౌరవంగా ఉండేది. కాని మధ్యాహ్నం ఖాన్ సాబ్ పిలిచాడు. కడుపు పట్టుకుని నవ్వుతూ ఒక కాగితం చేతిలో పెట్టాడు. కొడుకునెందుకు తీసుకోలేదని ఏడో నంబరు తండ్రి యోసెఫ్ సార్‌ను అడిగి తెలుసుకుని రాసిన ఫిర్యాదు. నా మీద! చుట్టూ జనం చేరి వింటుండగా మల్లేశం దాన్ని చదివి తెలుగులో చెప్పాడు.

"పదకొండు మీద ఒక పేజీ నిండ మంచిగ తప్పులు రాసిండట, ఈయిన కొడుకు మీద ఒక్క తప్పన్న రాయలేదట. పైంగ మెచ్చుకున్నడట! ఆ మెచ్చుకునుడుతోనే పోరని చాన్సు పోయిందట. గిది పక్షపాతమట. భూమన్న మీద చర్య తీస్కోవాలంటున్నడే!"

నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చూశాను. చెప్పకపోతే అన్యాయం, ఫిర్యాదు చాలా పకడ్బందీగా ఉంది. పాయింట్లకు నంబర్లున్నాయి. కింద సంతకం ఉంది. ప్రతి అక్షరం నిజం.

ఆ సాయంత్రమే మంచు బండి స్టీరింగు మీద కుడిచెయ్యి వేసి, మల్లేశాన్ని సాక్షిగా నిలబెట్టి, ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకెవరినీ మెచ్చుకోను. ఎంత మంచివాడైనా, ఎంత బతిమాలినా, నా నోటి నుంచి ఒక్క మంచి మాట రానివ్వను. ఒకరి బాగు కోరితే వాళ్ల మీద ఫిర్యాదే రాస్తాను, అదీ ఫోటోలతో.

మా ఆవిడకు ఫోన్లో ఈ ప్రమాణం చదివి వినిపించాను. మొత్తం విని, "ఇండ్ల కొత్తగ మొదలువెట్టిందేమున్నదయ్యా?" అంది.

ఆ మాట ఎందుకన్నదో నాకు ఒక అనుమానం ఉంది. తారీఖు వేసి రాసిపెట్టుకున్నాను.